నడుము లోతు నీళ్లు

"నోనీ, ఈసారి బాస్ నఇ పహుచిస్" అన్నాడు బిసాహు కేవట్, పద్నాలుగడుగుల వెదురుగడను నీళ్లలోంచి పడవలోకి లాక్కుంటూ.

భాగ్యరేఖ అప్పుడే రెండో ట్రిప్పు ముగించి, ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి ఉప్పునీళ్లు పుక్కిలిస్తోంది. పొద్దున తొమ్మిది నుంచి మైకులో అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. బిసాహు ఏమన్నాడో మొదట చెవికెక్కలేదు. అతను గడ కొసను ఆమె ముందుకు చాచి చూపించాడు. రోజూ ఆ కొసకు జానెడు బురద అంటుకుని వచ్చేది. ఇవాళ కడిగి పెట్టినట్టు శుభ్రంగా ఉంది. వెదురు అడుగును తాకనేలేదు. 'బాస్ నఇ పహుచిస్' అంటే అదే, వెదురు అందలేదని.

"పొద్దున అందింది కదా కాకా?"

అందిందనీ, పదింటికి ఎగువన బ్యారేజీ గేట్లు ఎత్తారట అనీ, నీళ్ల రంగు చూడమనీ చెప్పాడతను. ఆమె చూసింది. మూడు రోజుల వాన తరువాత ఎండ కాసిన ఆదివారం అది. శివనాథ్ నది ఎర్రమన్ను కలిసి చిక్కబడి, మెట్ల ఘాట్‌లో పొద్దున కనిపించిన నాలుగు మెట్లు మింగేసి, ఏమీ ఎరగనట్టు పారుతోంది. దిగువన ఆనకట్ట మీంచి నీళ్లు దూకుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది.

దుర్గ్ ఊరి అంచున 'నదీ విహార్' పేరుతో ఈ పడవ ఏప్రిల్‌లో మొదలైంది. నూటయాభై రూపాయల టిక్కెట్టు, నలభై నిమిషాల షికారు. పాత ఊరు, మట్టికోట ఉండిన దిబ్బ, రాతి గుడి శిఖరం, మెట్ల ఘాట్ అన్నీ నీళ్ల మీంచి చూపించి చరిత్ర చెప్పాలి. ఆ చరిత్ర సగం పుస్తకంలోది, సగం మేనేజరు జితేంద్ర బుర్రలోది. ఈ మెట్ల మీద పూర్వం ఒక రాణి కూర్చుని జుట్టు ఆరబెట్టుకునేదని గైడుగా భాగ్యరేఖ మైకులో చెప్పాల్సిన కాగితంలో ఉంది. ఆ రాణిని జితేంద్రే పుట్టించాడు, అదీ టీ తాగుతూ. జనానికి మాత్రం ఆమె మహా నచ్చింది. కోటకన్నా ఆ మెట్లకే ఎక్కువ ఫోటోలు తీసుకుంటారు.

రాణితో భాగ్యరేఖకు పేచీ లేదు. లేని రాణి జుట్టు ఆరబెట్టుకుంటే ఎవరికి నష్టం? ఆమెను కొరుకుతున్నది కాగితంలోని రెండో వాక్యం. దాన్ని జితేంద్ర పుట్టించలేదు, తనే పుట్టించింది.

మే నెలలో ఒక పసిపిల్ల పడవెక్కగానే నీళ్లను చూసి గుక్కపట్టి ఏడిచింది. దాన్ని ఊరుకోబెట్టడానికి భాగ్యరేఖ మైకులోనే, "ఘబరాయియే నహీ, నీళ్లు నడుము లోతే! కాళ్లు కిందపెడితే నేల తగులుతుంది" అంది. అప్పుడది అక్షరాలా నిజం. ఆ ఎండల్లో నదిలో గేదెలు నిలబడి ఉండేవి. పడవంతా నవ్వింది, పిల్ల కూడా నవ్వింది. ఒడ్డున వింటున్న జితేంద్ర, "అరే వా! ఇది రోజూ చెప్పు" అన్నాడు. మర్నాటికల్లా ఆ మాట అచ్చులో కాగితం మీదికి ఎక్కింది. జూన్ వచ్చింది, వానలు వచ్చాయి, నది పెరిగింది. కాగితం మాత్రం మే నెలలోనే ఆగిపోయింది. ఇవాళ పొద్దుటి నుంచి కూడా రెండుసార్లు ఆమె ఆ మాట చెప్పింది. రోజూ చెప్పే మాట కాబట్టి నోరు తెరిస్తే దానంతటదే బయటికొస్తుంది.

ఆమె లేచి టిక్కెట్టు గదికి వెళ్లింది. జితేంద్ర ఏసీ కింద కూర్చుని నోట్లకు రబ్బరు బ్యాండు పెడుతున్నాడు.

"భయ్యా, వెదురు అడుగు తాకలేదట. ఇక ఇవాళ్టికి ఆపేద్దాం" అంది హిందీలో. ఘాట్ దగ్గర అందరి మాటా హిందీయే.

"పొద్దున రెండుసార్లు వెళ్లొచ్చారుగా. ఎవరన్నా మునిగారా?"

"లైఫ్ జాకెట్లు పద్దెనిమిదే ఉన్నాయి. కనీసం పద్దెనిమిది మందినే ఎక్కించండి."

జితేంద్ర తలెత్తి ఆమెను ఎగాదిగా చూశాడు. "సేఠ్ ఈ ఘాట్‌ను వేలంలో పాడుకున్నది పద్దెనిమిది మంది కోసమా? లోతు చూసుకోవడం బిసాహు పని. నీది నోటి పని. నీ పని నువ్వు చూసుకో."

పడవ పక్కన రాసి ఉన్న 'ముప్పై మందికి మాత్రమే' అనే అక్షరాల మీద ప్రారంభోత్సవం నాటి ఫ్లెక్సీ ఇంకా కట్టే ఉంది. ఆదివారం వస్తే నలభైకి తక్కువ ఎక్కరు. జూలైలో ఒకసారి బిసాహు మొండికేసి ఇంజను ఆపేశాడు. తొమ్మిది రోజులు కూలి లేకుండా కూర్చోబెట్టారు. తాతముత్తాతల నాటి నుంచి ఆ రేవులో జనాన్ని దాటించిన కుటుంబం అతనిది. ఘాట్ వేలంలో పోయాక అదే రేవులో రోజుకు మూడువందల యాభైకి నౌకరీ చేస్తున్నాడు. పదో రోజున తలవంచుకుని వచ్చి ఇంజను దగ్గర కూర్చున్నాడు. అప్పటినుంచి లోతు సంగతి భాగ్యరేఖ చెవిలో తప్ప ఎక్కడా ఎత్తడు.

ఆమెకు రోజుకు నాలుగువందల యాభై. అంతకుముందు పవర్ హౌస్ బజారులో చీరల కొట్టులో పది గంటలు నిలబడితే రెండువందల యాభై ఇచ్చేవాళ్లు. కూర్చోవడానికి స్టూలు కూడా ఉండేది కాదు. క్యాంప్ టూ బస్తీలో ఒకే గది ఇల్లు, నెలకు రెండువేల ఐదువందల అద్దె. తండ్రి చినబాబు కంట్రాక్టు పనుల్లో బరువులు మోసి మోసి నడుము పోయి ఏడాదిగా మంచం మీద ఉన్నాడు. తల్లి సూర్యావతి ఫ్యాక్టరీ క్వార్టర్లుండే సెక్టార్లలో మూడిళ్లలో వంట చేస్తుంది. కూతురు నల్లరంగు ప్యాంటు వేసుకుని, మెడలో కార్డు తగిలించుకుని బయల్దేరుతుంటే ఆ తల్లి గుమ్మంలో నిలబడి వీధి మలుపు దాకా చూస్తుంది. ఈ ఉద్యోగం పోతే ఆ గుమ్మంలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? భాగ్యరేఖ ఉప్పునీళ్ల గ్లాసు కింద పెట్టి, నారింజరంగు లైఫ్ జాకెట్ బిగించుకుని పడవెక్కింది. గైడుకు మాత్రం ప్రతి ట్రిప్పులోనూ ఒక జాకెట్ ఖాయం. ఫోటోల్లో బాగుంటుందని.

మూడో ట్రిప్పుకు వచ్చినవాళ్లు తెలుగువాళ్లు. ఫ్యాక్టరీలో రిటైరైన వాళ్లూ వాళ్ల భార్యలూ కలిసి నలభై ముగ్గురు. టిఫిన్ డబ్బాలూ, మోకాళ్ల పట్టీలూ, మెడలో మఫ్లర్లతో సందడిగా ఎక్కారు. వాళ్ల పెద్ద సత్యప్రసాద్, ముప్పై రెండేళ్లు క్రేన్ నడిపిన మనిషి. భాగ్యరేఖ మెడలో కార్డు చదివి గట్టిగా అన్నాడు.

"ఒసే, మన గుంటే! ఏ ఊరమ్మా మీది?"

"క్యాంప్ టూ అంకుల్‌జీ."

"అది కాదే. మనూరు, మనూరు!"

"టెక్కలి దగ్గర అంటారు. నేను చూళ్లేదు."

"అయితే ఇంకేటి! తెలుగులో సెప్పీయ్. ఈ వయసులో మాకు హిందీ పాఠాలేటి?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఒడ్డు మీద నిలబడ్డ జితేంద్రకు సంగతి అర్థమై, "అప్‌నీ భాషా మే బోల్ దే, టిప్పు బాగా వస్తుంది" అని నవ్వుతూ చెయ్యూపాడు.

భాగ్యరేఖ మైకు తీసుకుంది. "అందరికీ నమస్కారం. మీకు స్వాగతం" అంది. ఆ తరువాత కాగితంలోని రెండో వాక్యం రావాలి. రాలేదు.

హిందీలో ఆ మాట ఆమె నోటికి పాఠంలా వచ్చు. తెలుగులో పాఠమేదీ లేదు. తెలుగు ఆమెకు ఇంట్లో అమ్మతో అన్నం పెట్టమనీ, నాన్నను లేపి కూర్చోబెట్టమనీ చెప్పుకునే భాష. ఆ భాషలో ఆమె ఎవరికీ ఏదీ అమ్మలేదు, ఎవరినీ మాయ చెయ్యలేదు. ఒక్కొక్క మాటా వెతికి తెచ్చుకోవాలి. "నీళ్లు" అని తెచ్చుకుంది. "నడుము" అని తెచ్చుకుంది. ఎదురుగా మొదటి బెంచీలో ఒక ముసలామె, పేరు జోగమ్మ అని పక్కవాళ్లు పిలుస్తుంటే తెలిసింది, గవ్వల్లాంటి కళ్లు ఇంత చేసుకుని ఆమె నోటివంకే చూస్తోంది.

"నీళ్లు నడుము లోతు కాదు మామ్మా" అనేసింది భాగ్యరేఖ.

అని, తను ఏమన్నదో తనే విని, చటుక్కున ఒడ్డు వైపు చూసింది. అక్కడ జితేంద్ర నవ్వుతూ తల ఊపుతున్నాడు. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె చెయ్యెత్తి, రోజూ కోట దిబ్బను చూపించినట్టే చూపిస్తూ, మొహాన నవ్వు చెదరకుండా చెప్పుకుపోయింది.

"వెదురు అందలేదు. రెండు నిలువులు దాటి ఉంటాది. ఇది ముప్పై మంది పడవ. మీరు నలభై మూడు. జాకెట్లు పద్దెనిమిదే ఉన్నాయి. కింద ఆనకట్ట దగ్గర లాగేస్తాది. దయచేసి దిగిపోండి. అటు చూడకండి, మా మేనేజర్ చూస్తున్నాడు."

"ఓలమ్మో!" అంది జోగమ్మ. "ఇదేటే, సావు కబురు నవ్వుతా సెప్తన్నావు?"

"నవ్వకపోతే అతనికి తెలిసిపోద్ది మామ్మా. మీరూ నవ్వండి."

పడవలో గుసగుసలు పాకాయి. సత్యప్రసాద్ మొహం మారిపోయింది. క్రేను కొక్కెం మీద రాసిన బరువుకు మించి ఎత్తితే ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పాలా? ఒక్క క్షణం ఆలోచించి గుండె పట్టుకుని బెంచీ మీద వాలిపోయాడు. "ఒలేయ్, నాకు కళ్లు తిరుగుతన్నాయర్రా! దింపండి, దింపండి!" అని పెట్టిన కేక స్పీకరు లేకుండానే ఒడ్డుకు వినిపించింది. ఆయన భార్య నిజంగానే భయపడి ఏడుపు లంకించుకుంది. రెండు నిమిషాల్లో నలభై ముగ్గురూ పట్టీలూ డబ్బాలూ సర్దుకుని ఒడ్డెక్కారు. టిక్కెట్ల డబ్బు కోసం అరగంట గొడవపడి సగం రాబట్టుకున్నారు.

వెళ్లేముందు జోగమ్మ ఆమె చేతిలో రెండు అరిసెలు పెట్టి, "బతికించావే గుంటా! నీ కడుపు సల్లగుండ" అని బుగ్గలు నిమిరింది. భాగ్యరేఖకు ఒళ్లు తేలికైంది. జీవితంలో మొదటిసారి తనూ ఒక తెలివైన పని చేసినట్టు అనిపించింది. ఆ సంతోషంలోనే సత్యప్రసాద్ దగ్గరకు వెళ్లి అడిగింది.

"అంకుల్‌జీ, మీరొకసారి మేనేజర్‌తో చెప్పండి. పెద్దవాళ్లు మీరు చెప్తే వింటాడు. పోలీసులకైనా ఫోన్ చెయ్యండి."

ఆయన బస్సు వైపు చూశాడు. బస్సు హారన్ కొడుతోంది. "మాం ఎల్లిపోతన్నాం కదమ్మా. ఇప్పుడు మనకెందుకు ఈ గొడవ? రేపు ఎవరికైనా సెప్తాన్లే. నువ్వూ నోరెత్తకు. ఉజ్జోగం పోతే మీ అమ్మ ఏడుస్తాది." ఆ మాట ప్రేమగానే అన్నాడు. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి కూడా ఊపాడు.

బస్సు లేపిన దుమ్ము సర్దుకునేసరికి, టిక్కెట్టు గది ముందు ఇంకో వరస కట్టి ఉంది.

పక్క పల్లెల నుంచి పికప్ వ్యానులో వచ్చిన ఆడవాళ్లు. పొదుపు సంఘం వాళ్లు, ఏడాదికొకసారి దాచుకున్న డబ్బుతో ఎక్కడికైనా వెళతారట. నలభై ఆరు మంది, చంకల్లో పిల్లలు వేరు. పిల్లలకు టిక్కెట్టు లేదు కాబట్టి వాళ్లు లెక్కలోకి కూడా రారు. కొత్త చీరలు కట్టుకుని, కాళ్లకు పారాణి పెట్టుకుని, పడవను చూసి ఒకరినొకరు పొడుచుకుంటూ నవ్వుతున్నారు. ఆ నవ్వులు చూసేసరికి భాగ్యరేఖకు ఇందాకటి సంతోషమంతా నీరుగారిపోయింది. తన భాషలో దాక్కుని తన వాళ్లను తప్పించింది. వీళ్లకు తెలుగు రాదు. వీళ్లకు చెప్పాలంటే జితేంద్రకు అర్థమయ్యే మాటలోనే చెప్పాలి.

జితేంద్ర కూడా ఊరికే లేడు. ముసలాయన గుండెనొప్పి మీద అతనికి అనుమానం తగిలింది. "ఈసారి నేనూ వస్తున్నాను. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఒక్క మాట అటూ ఇటూ కాకూడదు" అన్నాడు. అని, పద్దెనిమిదిలోంచి ఒక జాకెట్ తీసి తను వేసుకున్నాడు. మిగిలినవాటిని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకపోతే గొడవలవుతాయట.

ఆడవాళ్లు ఎక్కారు. పడవ అంచు నీటికి బెత్తెడు దూరానికి దిగింది. బిసాహు ఇంజను తిప్పాడు. అది రెండుసార్లు దగ్గి అందుకుంది. భాగ్యరేఖ మైకు పట్టుకుని నిలబడింది. ముందు బెంచీలో ఒక పెద్దావిడ, ఒళ్లో రెండేళ్ల మనవరాలు. ఆవిడ నీళ్లను ఒకసారి, భాగ్యరేఖ జాకెట్‌ను ఒకసారి చూసింది.

"కతక్ గహిరా హే, నోనీ?" అని అడిగింది. ఎంత లోతుంటుంది, అమ్మాయీ?

జితేంద్ర పక్కనుంచి, "బతా దే, బతా దే" అని చెప్పమన్నాడు హుషారుగా. రెండో వాక్యానికి అంతకన్నా మంచి సమయం దొరకదు మరి.

భాగ్యరేఖకు తల్లి గుర్తొచ్చింది. వీధి మలుపు దాకా చూసే ఆ చూపు గుర్తొచ్చింది. నాలుక చివర ఆ మాట సిద్ధంగా ఉంది, పెదవులు విప్పితే చాలు. అయిదు నెలలుగా కొన్ని వేలమందికి చెప్పింది, ఇంకొక్కసారి చెబితే ఏం కొంప మునుగుతుంది? అనుకుంది. అనుకోగానే ఆమెకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. మునిగేది కొంప కాదు. ఒళ్లో ఆ పిల్ల నోట్లో వేలు పెట్టుకుని తననే చూస్తోంది.

"అమ్మా, మీ తల మునిగేంత లోతు. మీ మీద ఇంకొకరిని నిలబెట్టినా మునిగేంత లోతు" అంది హిందీలో, తడబడకుండా. "నడుము లోతేనని అందరికీ చెప్పింది నేనే. అది ఎండాకాలం మాట. ఇవాళ అది అబద్ధం. ఈ పడవ ముప్పై మందిది. జాకెట్లు ఆ పెట్టెలో ఉన్నాయి, తాళం ఈయన జేబులో ఉంది."

పెద్దావిడ మనవరాలిని ఒంటికి హత్తుకుంది.

"పాగల్ హో గయీ క్యా?" అంటూ జితేంద్ర ఒక్క అంగలో వచ్చి మైకు వైరు పీకేశాడు. స్పీకరు కీచుమని మూగబోయింది. "ఈమెకు ఒంట్లో బాగాలేదు, మీరు కూర్చోండి" అన్నాడు ఆడవాళ్లతో, పళ్లన్నీ చూపిస్తూ.

భాగ్యరేఖ పనికిరాని మైకును బెంచీ మీద పెట్టింది. బొంగురుపోయిన గొంతు చించుకుని మొదటినుంచీ మళ్లీ చెప్పింది, చివరి వరుస దాకా వినపడేలా. వెదురు సంగతి చెప్పింది, గేట్ల సంగతి చెప్పింది, ఫ్లెక్సీ కింద ఏం రాసి ఉందో చెప్పింది. గొంతు మధ్యలో జీరపోతే ఆగి, ఉమ్మి మింగి, వదిలిన చోటినుంచి అందుకుంది.

"బిసాహు కాకా, మీరు చెప్పండి. వెదురు అందిందా?"

బిసాహు జితేంద్ర వైపు చూడలేదు. ఇంజను మీద చెయ్యి వేసుకుని నీళ్లకేసి చూస్తూ, "నఇ పహుచిస్" అన్నాడు. తొమ్మిది రోజుల పస్తు ఎరిగిన మనిషి, ఆ రెండు ముక్కలూ పైకే అన్నాడు.

జితేంద్ర మొహం ఎర్రబడింది. ఫోను తీసి సేఠ్‌కు కలిపాడు, అవతల ఎత్తలేదు. ఇప్పుడు పడవ కదిలిపోతే మాటలన్నీ నీళ్లలో కలిసిపోతాయని అతని ఆశ. నది మధ్యలోకి వెళ్లాక ఎవరు మాత్రం దిగుతారు? "తాడు విప్పు" అన్నాడు భాగ్యరేఖతో. ముందు వైపు తాడు విప్పాల్సింది గైడే.

ఆమె ముందుకు నడిచింది. తాడు చుట్టిన ఇనుప గుంజ మీద, తాడు మీదే కూర్చుంది. తన లైఫ్ జాకెట్ పట్టీలు ఒక్కొక్కటే విప్పి, దాన్ని ముందు బెంచీలోని పెద్దావిడ ఒళ్లో పెట్టింది.

"విప్పుతావా, రేపటినుంచి గేటు దగ్గరికి కూడా రాకుండా పోతావా?"

"రానులే. వీళ్లందరూ దిగాక నేనూ దిగుతాను" అంది. "అందాకా విప్పను."

పెద్దావిడ మనవరాలిని చంకనెత్తుకుని లేచి నిలబడింది. వెనక వరుసల్లో ఎవరూ ఇంకా కదల్లేదు. కొందరు ఆవిడ వంక, కొందరు జితేంద్ర వంక, కొందరు చేతిలోని నూటయాభై రూపాయల టిక్కెట్టు వంక చూసుకుంటున్నారు. ఇంజను కొట్టుకుంటూనే ఉంది. గుంజకూ ఒడ్డుకూ మధ్య తాడు, ప్రవాహం లాగినప్పుడల్లా ఆమె కింద బిగుసుకుని కిర్రుమంటోంది. భాగ్యరేఖ రెండు చేతులతో గుంజను పట్టుకుని, లేవకుండా కూర్చుంది.